మర్పల్లి ఇంట్లో వెండితెర నిలుస్తుందా?

వికారాబాద్ జిల్లా మర్పల్లి చుట్టుపక్కల ఊళ్లలో కొత్త సినిమాను మంచి థియేటర్లో చూడాలనుకునేవాళ్లు వికారాబాద్ వైపో, జహీరాబాద్ వైపో, సదాశివపేట వైపో బయల్దేరతారు. మల్టీప్లెక్సే కావాలంటే హైదరాబాద్ దాకా పోతారు. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో ఖరారు చేసిన ధరల ప్రకారం మల్టీప్లెక్స్ మామూలు టికెట్ గరిష్ఠంగా 250 రూపాయలు, దానిపై జీఎస్టీ. నలుగురున్న ఇంటికి టికెట్లకే వెయ్యి దాటుతుంది. దారి ఖర్చులు, లోపల కొనే తిండి, సెకండ్ షో వదిలాక పిల్లలతో ఇల్లు చేరే అవస్థ దీనికి అదనం. మరోపక్క ఓటీటీ ఇంటి దర్వాజ దాకా వచ్చింది. తెలుగుకే ప్రత్యేకంగా 2020 ఉగాదికి ‘ఆహా’ మొదలైంది. ప్రేక్షకులు రావడం లేదని 2024 మే నెలలో తెలంగాణలోని సింగిల్ స్క్రీన్ థియేటర్లు పది రోజులు ఆటలు ఆపేయాలని నిర్ణయించుకునే దాకా వ్యవహారం వెళ్లింది.

సరిగ్గా ఈ సందులోకి ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ దూరింది. ఫోన్ తెరిస్తే దాని ప్రకటనలే. చేతిలో పట్టేంత డబ్బా, పదివేల లోపు ధర, 150 అంగుళాల బొమ్మ, 9,000 ల్యూమెన్లు, 4కె అంటూ ఊరిస్తుంటారు. పట్నం దుకాణాల్లోనూ ఇదే మాట: “అన్నా, గోడంత బొమ్మ వస్తది. థియేటర్ ఇగ మన ఇంట్లనే.” ఇందులో నిజమెంతో చూడాలి. పల్లెలో, మండల కేంద్రంలో ఉన్న ఇంటికి ఇది టీవీ స్థానంలో పనికొస్తుందా? థియేటర్ లోటు తీరుస్తుందా? ఎవరు కొనాలి, ఎవరు కొనకూడదు? నేను చూసినవీ చదివినవీ కొలిచినవీ ఒకచోట చేర్చి ఇక్కడ పరిశీలిస్తున్నాను.

మొదటి రాత్రి ముచ్చట ఎవరినైనా పడేస్తుంది. దీపాలార్పి ‘బాహుబలి’ జలపాతం సన్నివేశం పెడితే ఏడడుగుల వెడల్పున నీళ్లు దూకుతాయి. టీవీ ముందు ఎవరి ఫోన్ వాళ్లు చూసుకునే ఇంటిల్లిపాదీ తలెత్తి ఒకేవైపు చూస్తారు. ఈ అనుభవం అబద్ధం కాదు. అయితే దుకాణదారు డెమోకి ఎంచుకునేవి కూడా ఇలాంటి దృశ్యాలే. పట్టపగటి వెలుగు, పూలు, సముద్రం, కార్టూన్లు ఎంత చవక ప్రొజెక్టర్ మీదైనా బాగానే కనిపిస్తాయి. ‘విరూపాక్ష’ లాంటి సినిమాలో రాత్రిపూట ఊరి సన్నివేశాలు పెట్టమనండి. మనిషి ముఖం, వెనకున్న గోడ, చెట్టు అన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతే ఆ యంత్రం అసలు స్థాయి అదే. తొలిచూపుతో తీర్పు చెప్పాల్సి వస్తే ఆ చూపు చీకటి సన్నివేశం మీద ఉండాలి.

ల్యూమెన్ల లెక్క

ఈ బజారులో పెద్ద మోసం వెలుగు దగ్గరే జరుగుతోంది. ప్రొజెక్టర్ వెలుగును కొలవడానికి ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి ఉంది. గోడ మీది తెల్లటి బొమ్మను అడ్డంగా మూడు, నిలువుగా మూడు భాగాలు చేసి, తొమ్మిది గళ్ల మధ్యలోనూ పడే వెలుగును లక్స్ మీటరుతో కొలుస్తారు. తొమ్మిదింటి సగటును బొమ్మ వైశాల్యంతో, అంటే చదరపు మీటర్లతో గుణిస్తారు. వచ్చినవే ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు. ఐఎస్‌ఓ 21118 అనే ప్రమాణం కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. చవక డబ్బాల మీద అచ్చేసే వేల ల్యూమెన్లు ఈ కొలతకు నిలబడవు. కొందరు లోపలి ఎల్‌ఈడీ దీపం పుట్టించే మొత్తం వెలుగును లెక్కేస్తారు. మరికొందరు నోటికొచ్చిన సంఖ్య వేస్తారు.

ఈ కొలత ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. 9,000 ల్యూమెన్లని డబ్బా మీద ముద్రించిన ఒక ఆన్‌లైన్ ప్రొజెక్టరును మర్పల్లిలో మా బంధువుల ఇంట్లో ఇలాగే పరీక్షించాను. గోడ మీద 80 అంగుళాల బొమ్మ నిలిపి, తెల్లటి తెర పెట్టి, ఫోనులో లక్స్ మీటర్ యాప్ తెరిచి, ఫోను ముఖం ప్రొజెక్టర్ వైపు తిప్పి తొమ్మిది చోట్లా పట్టాను. నడుమ గడిలో ఎక్కువ, మూలల్లో బాగా తక్కువ. సగటు 85 లక్స్ దగ్గర తేలింది. 80 అంగుళాల బొమ్మ వైశాల్యం 1.76 చదరపు మీటర్లు. గుణిస్తే 150 ల్యూమెన్లు. ఫోను సెన్సరు ప్రయోగశాల పరికరం కాదు, కొంత అటూఇటూ చూపిస్తుంది. ఎంత అటూఇటూ అయినా 150 తొమ్మిది వేలు కాదు.

మరి ఎంత వెలుగు కావాలి? దీనికీ లెక్క ఉంది. డిజిటల్ సినిమా ప్రమాణం ప్రకారం థియేటర్ తెర మీద తెలుపు 48 నిట్ల (తెర ప్రకాశానికి కొలమానం) వెలుగుతో కనపడాలి. మామూలు తెల్లని మ్యాట్ తెర మీద ఆ వెలుగు రావాలంటే 80 అంగుళాల బొమ్మకు సుమారు 270, 100 అంగుళాలకు 415, 120 అంగుళాలకు 600 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు కావాలి. బొమ్మ పెరిగేకొద్దీ అదే వెలుగు ఎక్కువ జాగా మీద పరుచుకుని పలచబడుతుంది. పైన చెప్పిన 150 ల్యూమెన్ల యంత్రంతో 120 అంగుళాల బొమ్మ వేస్తే తెర మీద మిగిలేది 12 నిట్లు, థియేటర్ వెలుగులో నాలుగో వంతు. మామూలు ఎల్‌ఈడీ టీవీ 250, 300 నిట్లు ఇస్తుంది. టీవీని ట్యూబ్‌లైట్ కింద హాయిగా చూడగలగడం, ప్రొజెక్టరును చూడలేకపోవడం అందుకే. ముందుగదిలో ట్యూబ్‌లైట్ వేస్తే గోడ మీద 50 నుంచి 100 లక్స్ పడుతుంది. మన ప్రొజెక్టర్ తన తెలుపు మీద వేసేదే 85 లక్స్. ఇక అక్కడ నలుపు ఎక్కడుంటుంది?

పేరున్న కంపెనీలు సైతం ఈ సంఖ్యల విషయంలో దిగి రావాల్సి వచ్చింది. ఎక్స్‌జిమి తన హాలో ప్లస్‌ను మొదట 900 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లని అమ్మి, తర్వాత అదే యంత్రాన్ని 700 ఐఎస్‌ఓ ల్యూమెన్లుగా చూపింది. తప్పుడు ల్యూమెన్లు ముద్రిస్తున్నారని కొన్ని బ్రాండ్ల మీద ఎప్సన్ అమెరికాలో కోర్టుకెక్కింది. 2022లో మన దేశంలో 84,990 రూపాయలకు దిగిన శాంసంగ్ ఫ్రీస్టైల్ వెలుగు 230 ల్యూమెన్ల దగ్గరే ఉంది. అంత పెద్ద కంపెనీ, అంత ధర పెట్టి 230 అంటుంటే పదివేల డబ్బా మీది 9,000 ఎక్కడిదో కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆలోచించాలి. 1080పి ప్రొజెక్టర్లలో ఎల్‌జీ పీఎఫ్610పి వెయ్యి ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లు ఇస్తుంది. ఎల్‌ఈడీతో నడిచే ఇంటి ప్రొజెక్టర్లలో అది మంచి స్థాయే.

ఎల్‌ఈడీకి వెలుగు పరిమితి ఎందుకు?

పాత ప్రొజెక్టర్లలో పాదరసపు ఆవిరితో వెలిగే దీపం ఉండేది. నాలుగు వేల గంటలకు అటూఇటూగా ఆరిపోయేది, కొత్త దీపానికి వేలు పోయాలి. ఎల్‌ఈడీ వచ్చి ఈ బాధ తప్పించింది. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు ముందునుంచే ఉన్నా, తెల్లని వెలుగుకు కావలసిన ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీ 1990లలో గానీ చేతికి రాలేదు. దానికే అకాసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. అయితే ఎల్‌ఈడీ వెలుగు ఒక్క బిందువు నుంచి రాదు. కొంత వెడల్పున్న ముక్క మొత్తం నుంచి నలుదిక్కులకూ చిమ్ముతుంది. దాన్ని బొమ్మ తయారుచేసే గోరంత చిప్ మీదకు మళ్లించడం బిందెతో సీసాలోకి నీళ్లు పోయడం లాంటిది, చాలా భాగం పక్కకు పోతుంది. ఎల్‌ఈడీని రెండింతలు పెద్దది చేసినా సీసా మూతి పెరగదు. పైగా మూడు రంగుల్లో ఆకుపచ్చ ఎల్‌ఈడీయే బలహీనం. మన కంటికి వెలుగుగా తోచేదాంట్లో ఎక్కువ భాగం ఆ రంగుదే. అందుకే మంచి యంత్రాల్లో ఆకుపచ్చను నేరుగా పుట్టించకుండా, నీలం వెలుగును ఫాస్ఫర్ పూత మీద కొట్టించి రాబడతారు.

వెలుగు వచ్చాక బొమ్మ ఎలా తయారవుతుందన్న దాంట్లో రెండు రకాలున్నాయి. చవక ప్రొజెక్టర్లో ఒకే ఒక ఎల్‌సీడీ పలక ఉంటుంది, ఫోను తెరలాంటిదే. దాని వెనక తెల్ల ఎల్‌ఈడీ. పోలరైజర్ పొర సగం వెలుగును మింగుతుంది. రంగుల వడపోత మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు తినేస్తుంది. పలక దాటి బయటికొచ్చేది నూటికి ఐదో ఆరో పాళ్లు. మింగిన వెలుగంతా వేడిగా మారి ఆ పొరల్నే మాడుస్తుంది. వాడగా వాడగా బొమ్మ నడుమ పసుపుపచ్చ మరక తేలడానికి కారణమిదే. రెండో రకం డీఎల్‌పీ. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ల్యారీ హార్న్‌బెక్ 1987లో రూపొందించిన చిప్ మీద లక్షల సూక్ష్మమైన అద్దాలు సెకనుకు వేలసార్లు అటూఇటూ వాలుతూ వెలుగును తెర మీదకో పక్కకో కొడతాయి. ఆ పనికి 2015లో ఆయనకు ఆస్కార్ సాంకేతిక పురస్కారం వచ్చింది. అద్దం వెలుగును మింగదు. పైగా ఎల్‌ఈడీలే ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా వంతులవారీగా వెలుగుతాయి గనుక పాత డీఎల్‌పీలోని తిరిగే రంగుల చక్రం అక్కర్లేదు. ఇంటికి ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ కొనదలిస్తే డీఎల్‌పీ రకానికే నా ఓటు.

“4కె సపోర్ట్” అన్న మాటను కూడా నమ్మి మోసపోవద్దు. 4కె ఫైలును తీసుకుంటుందని దాని అర్థం, 4కె బొమ్మ వేస్తుందని కాదు. అడగాల్సింది నేటివ్ రిజల్యూషన్. 1080పి అయితే చుక్కలు 20 లక్షలకు పైన, 480పి అయితే నాలుగు లక్షలే. నాలుగు లక్షల చుక్కల్ని ఏడడుగుల వెడల్పున పరిస్తే తెలుగు టైటిల్స్‌లో ఒత్తులు, గుడులు చెదిరి కనిపిస్తాయి. క్రికెట్ స్కోరు చదవడానికి కళ్లు చికిలించాలి.

గోడ, గది, కరెంటు

యంత్రం ఎంపిక ఎంత ముఖ్యమో గోడ కూడా అంతే. మన ఇళ్లలో ముందుగదికి లేత ఆకుపచ్చో, నీలమో, గులాబీయో వేయిస్తాం. ఆ గోడ మీద వేసిన బొమ్మలో మనుషుల ముఖాలన్నీ ఆ రంగు పులుముకుంటాయి. తెల్ల బెడ్‌షీటు కట్టేవాళ్లున్నారు. సగం వెలుగు గుడ్డ దాటి అవతలికి పోతుంది, ఫ్యాను గాలికి బొమ్మ ఊగుతుంది. ఫ్లెక్సీ బ్యానరును తిరగేసి కడితే మెరుపు వల్ల నడుమ ఒక తెల్లటి మచ్చ లేస్తుంది. అన్నింటికంటే చవకైన మంచి మార్గం గోడను నునుపుగా లప్పం పెట్టించి, మెరుపు లేని తెల్ల రంగు వేయించడం. ఇంకో ముచ్చట మన ప్రాంతానికి ప్రత్యేకం. తాండూరు నాపరాయిని పాలిష్ చేయించి పరిచిన ఇళ్లలో తెర మీది వెలుగు నేల మీద పడి తిరిగి గోడ మీదకే ఎగదన్నుతుంది, నలుపు మరింత చెడుతుంది. తెర ముందు జంపఖానా పరిస్తే వెంటనే తేడా తెలుస్తుంది. ఎవరికీ తోచని చిన్న పని, ఖర్చు కూడా లేదు.

100 అంగుళాల బొమ్మకు వెడల్పు ఏడడుగుల పైచిలుకు. చాలా ప్రొజెక్టర్లను తెర నుంచి తొమ్మిదడుగులకు కాస్త అటూఇటూ పెట్టాలి. పన్నెండడుగుల గదికి సరిపోతుంది. పదడుగుల గదిలో 80 అంగుళాల దగ్గర ఆగడం మేలు. పక్కకు పెట్టి కీస్టోన్‌తో బొమ్మను చదరం చేసుకోవచ్చని చెబుతారు. అలా చేస్తే కొన్ని చుక్కలు పోతాయి, వెలుగూ పోతుంది. తెరకు ఎదురుగా నిటారుగా పెట్టడానికే ఏర్పాటు చేసుకోండి.

ఎండాకాలం సంగతి మరింత ముఖ్యం. ఎక్కువ ప్రొజెక్టర్లను గది ఉష్ణోగ్రత 35 లేదా 40 డిగ్రీలు దాటకుండా వాడాలని వాటి పుస్తకంలోనే రాసి ఉంటుంది. మే నెలలో స్లాబు ఇంటి లోపల సాయంత్రం ఏడింటికి కూడా వేడి తగ్గదు. యంత్రం తనను తాను కాపాడుకోవడానికి వెలుగు తగ్గించుకుంటుంది, ఫ్యాను రొద పెంచుతుంది, మరీ అయితే ఆగిపోతుంది. దుమ్ము ఇంకో శత్రువు. కంది కోతలప్పుడు, పత్తి ఏరేటప్పుడు మా దిక్కు ఇళ్లలోకి వచ్చే సన్నపొట్టు, నూగు గురించి కంపెనీలవాళ్లు ఆలోచించి ఉండరు. లోపలి భాగాన్ని మూసెయ్యని చవక ప్రొజెక్టర్లో ఆ నూగు పలక మీద వాలిందంటే తెర మీద అరచేతంత మచ్చ. విప్పి తుడిచేవాళ్లు మండలంలో దొరకరు. ‘సీల్డ్ ఆప్టికల్ ఇంజిన్’ ఉన్నదే తీసుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం.

కరెంటు విషయంలో మాత్రం ఎల్‌ఈడీ పల్లెటూరికి నిజంగా మేలు చేసింది. పాత దీపం ప్రొజెక్టర్ నడుస్తుండగా కరెంటు పోతే చల్లబడకముందే ఫ్యాను ఆగి దీపం దెబ్బతినేది. మళ్లీ వెలిగించాలంటే కాసేపు ఆగాలి. ఎల్‌ఈడీకి ఆ బాధ లేదు. పోయిన కరెంటు రాగానే వెలుగుతుంది. వంద వాట్ల యంత్రం ఇంటి ఇన్వర్టరు మీద సినిమా మొత్తం నడుస్తుంది. రోజూ మూడు గంటలు చూసినా నెలకు తొమ్మిది యూనిట్లు. 30,000 గంటల ఆయుష్షు అంటే ఇదే లెక్కన 27 ఏళ్లు వస్తుంది. ఈ సంఖ్యను మాత్రం పూర్తిగా నమ్మకండి. సాధారణంగా అది వెలుగు సగానికి పడిపోయే గడువు, ఆరిపోయే గడువు కాదు. అంతకంటే చాలాముందే ఫ్యానో, పవర్ బోర్డో పోతుంది. దీపం ఆయుష్షు కంటే రిపేరు ఎక్కడ చేస్తారన్నదే అసలు ప్రశ్న. హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీదైతే బస్సులో తీసుకెళ్లి ఇచ్చిరావచ్చు. పేరే తెలియని ఆన్‌లైన్ బ్రాండు పాడైతే చెత్తబుట్టే గతి.

ధ్వని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. లోపలి చిన్న స్పీకర్లు మాటలకు చాలు, పాటలకు చాలవు. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉన్న యంత్రానికి సౌండ్‌బార్ తగిలించుకోండి. బ్లూటూత్‌లో పెదవులకీ మాటకీ పొంతన కుదరదు. యాప్‌లు నడిచే సాఫ్ట్‌వేర్ కూడా చూసుకోవాలి. అనుమతి లేని యంత్రంలో నెట్‌ఫ్లిక్స్ నడవదు, నడిచినా మసక బొమ్మే.

పదిమంది చూసే తెర

పెద్ద తెర ముందు పదిమంది కూర్చోవడం ఈ నేలకు కొత్త కాదు. రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతంలో బొమ్మా ధ్వనీ కలిపి ఆడించే యంత్రం తెప్పించుకుని ఊరూరా ప్రదర్శనలిచ్చారు. ఆ తర్వాత టూరింగ్ టాకీసుల డేరాలు లేచాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు అందాయి, ఊరంతా ఒకే పెట్టె ముందు కూర్చుని చూసింది. ఎనభైల్లో టీవీ, వీసీపీ కిరాయికి తెచ్చి తెల్లవార్లూ సినిమాలు ఆడించిన వాకిళ్లు చాలామందికి గుర్తే. తర్వాత టీవీ ఇంట్లోకి, సినిమా జేబులోకి పోయాయి. ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ ఆ గుంపును తిరిగి కూర్చోబెడుతోంది. నాకు ఈ యంత్రం మీద మమకారం ఉన్నది ఇందుకే. గణేశ్ మండపాల దగ్గర, బడి ఆవరణలో, ఎండాకాలం డాబా మీద దీనికున్న విలువ టీవీకి లేదు. ఐపీఎల్ సాయంత్రపు ఆట ఏడున్నరకు మొదలవుతుంది. అప్పటికి పొద్దుగూకి ఉంటుంది, ప్రొజెక్టరుకు అంతకంటే ఏం కావాలి? మధ్యాహ్నం మూడున్నర ఆటకు మాత్రం టీవీయే దిక్కు. ఒక్క జాగ్రత్త: ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చినది. ఇంటి బయట పదిమందికి ఆడించాలంటే సినిమా హక్కుదారుల అనుమతి ఉండాలి.

ఇక ధర సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. అదే రోజు 32 అంగుళాలు దాటిన టీవీల మీదా అంతే తగ్గింది గనుక రెండింటి పోటీలో మార్పేమీ లేదు. ల్యూమెన్లు దాచని కంపెనీలూ ఉన్నాయి. బెంగళూరు కంపెనీ లూమియో తన ఆర్క్ 5ను 200, ఆర్క్ 7ను 400 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లని సూటిగా రాసి అమ్ముతోంది. సంఖ్య చిన్నదైనా ఉన్నది ఉన్నట్టు చెప్పే ఇలాంటి పోకడ పెరగాలి.

నా తీర్పు ఇది. ఇంట్లో ఒక్కటే కొనగల స్తోమత ఉంటే, పగలు సీరియళ్లు, వార్తలు చూసే పెద్దలుంటే 43 అంగుళాల టీవీ కొనండి. టీవీ ఇప్పటికే ఉండి, చీకటి చేయగల గది ఉండి, వారానికోసారైనా ఇంటిల్లిపాదీ కలిసి సినిమా చూసే అలవాటుంటే 1080పి నేటివ్, డీఎల్‌పీ, సీల్డ్ ఇంజిన్, కనీసం 400 ఏఎన్‌ఎస్‌ఐ ల్యూమెన్లున్న ప్రొజెక్టర్ తీసుకుని 100 అంగుళాల దగ్గర ఆగండి. పదివేల లోపు డబ్బాలు పిల్లల ఆటకు తప్ప పనికిరావు. ఆ డబ్బు దాచుకుని మరికొంత కలుపుకునే దాకా ఆగడమే లాభం.

కొనేముందు దుకాణంలో దీపాలు వేయించి ఒకసారి, ఆర్పించి ఒకసారి చూడండి. రాత్రి సన్నివేశం పెట్టించండి. ఏఎన్‌ఎస్‌ఐ లేదా ఐఎస్‌ఓ ల్యూమెన్లు ఎన్నో బిల్లు మీద రాసివ్వమనండి. రాసిచ్చింది అబద్ధమని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్లవచ్చు. రాసివ్వనన్న చోట కొనకండి.